పులుసు మానకు, సీసా తిప్పి చూడు

పాపా,

మొన్న మీ నాన్న నీ వేళ్ల ఫోటో పంపించాడు. కణుపుల మీద పగుళ్లు, ఉంగరం కింద ఎర్రటి పొక్కులు. ఎనిమిదేళ్ల కిందటి నా చేతులే అనుకున్నాను. "చేపలు, వంకాయ మానేసింది, అయినా తగ్గలేదు" అన్నాడు. నవ్వొచ్చింది. నేనూ ఇదే వెర్రి పని చేశాను. నెల్లూరులో పుట్టి ఆర్నెల్లు చేపల పులుసు ముట్టలేదు. మీ మామయ్య నా ఎదురుగా కూర్చుని పులుసులోని మామిడికాయ టెంక చీకుతుంటే, నేను చారన్నం తిన్నాను. చేతులు మాత్రం పగులుతూనే ఉన్నాయి. చివరికి తేలిందేంటంటే, దోషం ఆ పులుసు గిన్నె తోమే లిక్విడ్‌ది!

చర్మానికి పడనిది తగిలితే వచ్చే ఈ అలర్జీ, తగిలిన వెంటనే బయటపడదు. ఒకటి రెండు రోజులు ఆగి లేస్తుంది. ఆలోపు నాలుగు పూటలు తినేసుంటాం కాబట్టి నింద తిండి మీదికి పోతుంది.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుంది? బూజు. షాంపూ, లోషన్, గిన్నెల లిక్విడ్, బుడ్డోడిని తుడిచే తడి టిష్యూలు, అన్నిట్లోనూ నీళ్లే ఎక్కువ. అవి నెలల తరబడి చెడకుండా ఉండటానికి కంపెనీలు మందులు కలుపుతాయి. నాకు పడనిది వాటిలో ఒకటి, మిథైల్ ఐసోథయాజోలినోన్. ఆ పేరు నోరు తిరగడానికే వారం పట్టింది. 2013లో అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఆ ఏటి అలర్జీ కారకంగా దీన్నే ప్రకటించింది. యూరప్‌లో 2017 నుంచి ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లో దీన్ని పూర్తిగా నిషేధించారు. కడిగేసుకునే వాటిలో 0.0015 శాతం దాటకూడదు.

నీకూ ఇదేనని నేను అనను. ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాన్ని వదిలే రకం మందు కావచ్చు, సెంటు కావచ్చు, ఉంగరంలో కలిసిన లోహం కావచ్చు. ఊహించి ఒక్కోటీ మానుకుంటూ పోతే ఏళ్లు గడుస్తాయి. ప్యాచ్ టెస్ట్ చేయించుకో. రక్తపరీక్షలో ఇది దొరకదు. నేను ఒక ల్యాబులో వేలు పోసి తెలుసుకున్నాను ఆ సంగతి. ఒంగోలులో చర్మం డాక్టర్‌ని అడుగు, అక్కడ లేదంటే చెన్నై ఎటూ ఉంది. వీపు మీద వరసగా పట్టీలు అంటిస్తారు, రెండు రోజులకు తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులాగి చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. రోహిణి కార్తెలో వెళ్లావో, పట్టీలు ఊడి చేతికొస్తాయి. చలికాలం చూసుకో. ఈలోగా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ట్యూబు మాత్రం పూయకు.

పేరు తెలిశాక అసలు పని మొదలవుతుంది. నా సంచిలో భూతద్దం ఉంటుంది. ట్రంకురోడ్డు అంగట్లో సీసా తిప్పి చదువుతుంటే కుర్రాడు "ఏందమ్మా, ఎక్స్‌పైరీనా?" అంటాడు. ధర స్టిక్కర్ సరిగ్గా లోపల ఏమేం కలిపారో రాసిన జాబితా మీదే అంటిస్తారు, గోటితో గీకి చదువుతాను. నాకైతే తోక గుర్తు: ముందు ఏమున్నా, చివర "థయాజోలినోన్" అని ఉంటే వెనక్కి పెట్టేస్తాను. సీసా అదే, రంగు అదే, లోపలి సరుకు మార్చేస్తారు. కాబట్టి కొన్న ప్రతిసారీ చదువు. ఆకు బొమ్మ వేసి "హెర్బల్" అన్నదాన్ని అసలు నమ్మకు. నా చేతులను ఎక్కువ ఏడిపించింది అలాంటి సీసానే.

గిన్నెల లిక్విడ్, ఫ్లోర్ క్లీనర్‌ల మీద చాలాసార్లు పూర్తి జాబితా ఉండదు. గిన్నెలకు నేను సబ్బు బిళ్లకు మారాను. నీళ్లు తక్కువ కాబట్టి అందులో ఈ మందుల అవసరమూ తక్కువే. తలకు కుంకుడుకాయ. రసం రెండో రోజుకే పులిసి కంపు కొడుతుంది చూడు, దాన్లో ఏ మందూ లేదనడానికి అదే సాక్ష్యం. చేతులకు కొబ్బరినూనె. రబ్బరు గ్లోవ్స్ వేసుకుంటే లోపల నూలువి తొడుక్కో, పావుగంటకు మించి ఉంచకు. ఆ రబ్బరులోని రసాయనాలు పడనివాళ్లూ ఉన్నారు.

ఇంకోటి, ఇది ఎవరికీ తట్టదు. ఒక సంక్రాంతికి మా పెద్దాడు ఇంటికి కొత్త రంగులేయించాడు. రెండు రాత్రులు ఆ గదిలో పడుకున్నాను, మూడోనాడు కనురెప్పలు బూరెల్లా ఉబ్బాయి. నీళ్లు కలిపే రంగుల్లోనూ ఇదే మందు ఉంటుంది, గాల్లోకి వస్తుంది, కొందరికి వారాల తరబడి పడదు. ఇప్పుడు నా గదికి సున్నమే.

పడనిది మానేసినా చర్మం కుదుటపడటానికి నెలా రెండు నెలలు పడుతుంది. రెండు వారాలకే తగ్గలేదని టెన్షన్ పడి మళ్లీ అన్నీ మార్చేయకు.

ఆదివారం కావలి వస్తున్నావుగా, బాత్రూమ్‌లోవి, వంటింట్లోవి సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని రా. ఇద్దరం కూర్చుని చదువుదాం. చేపల పులుసు చేసి పెడతాను. గిన్నెలు మీ మామయ్య తోముతాడులే.

నీ అత్త