‘హ్యాపీ’ అనేముందు: మే, జూన్‌లలో అమెరికాలో వచ్చే చిత్రమైన రోజులు

మే మొదటి వారంలో ఓ ఉదయం ఆఫీసు గ్రూపులో ఎవరో ‘మే ద ఫోర్త్ బి విత్ యూ’ అని పెడతారు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. గుంటూరు నుంచో బెజవాడ నుంచో ఈమధ్యే వచ్చినవాళ్లకి అది సెలవో, పండగో, ఎవరి పుట్టినరోజో అర్థం కాదు. అది వట్టి మాటల చమత్కారం. స్టార్ వార్స్ సినిమాలో ‘మే ద ఫోర్స్ బి విత్ యూ’ అని దీవించుకుంటారు. అందులో ‘ఫోర్స్’ని ‘ఫోర్త్’ చేశారు, మే 4 అయింది. ఆ సినిమా విడుదలైంది మాత్రం 1977 మే 25న. మన ‘అడవిరాముడు’ వచ్చిన నెలలోపే. మనకి మే 28 అనగానే ఎన్టీఆర్ జయంతి ఎలా గుర్తొస్తుందో, వీళ్లకి మే 4 అలాగ. ‘యూ టూ’ అని నవ్వితే చాలు. సినిమా చూడకపోతే చూడలేదనే చెప్పండి, కూర్చోబెట్టి చూపించేవాళ్లు దొరుకుతారు.

ఈ చమత్కారం ఇక్కడ పండటానికి కారణం నెల ముందు, తేదీ తర్వాత చెప్పే అలవాటు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. డాక్టర్ అపాయింట్‌మెంట్ 5/6 అని మెసేజ్ వస్తే అది మే 6. మన లెక్కలో జూన్ 5 అనుకుంటే, మీరు వెళ్లేసరికి అది గడిచి నెలవుతుంది. సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లో స్లర్పీ అనే ఐసు పానీయం చిన్న కప్పు ఊరికే ఇచ్చే 7/11 కూడా జులై 11నే, నవంబరు 7న కాదు.

మే 25న ఎవరైనా భుజాన తువ్వాలుతో కనబడితే కంగారుపడకండి. అది టవల్ డే. డగ్లస్ ఆడమ్స్ అనే హాస్య రచయిత 2001 మే 11న పోయారు. అంతరిక్షంలో తిరిగేవాడికి తువ్వాలుకి మించిన వస్తువు లేదని ఆయన రాశారు కాబట్టి, రెండు వారాలకి అభిమానులు దీన్ని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే బెజవాడలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండకి తడి తువ్వాలు నెత్తిన వేసుకుంటే గాని గుమ్మం దాటలేం. తువ్వాలు విలువ మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక అసలు జాగ్రత్త మే చివరి సోమవారం దగ్గర. అదే మెమోరియల్ డే. లాంగ్ వీకెండ్, దుకాణాల్లో డిస్కౌంట్లు, పార్కుల్లో వంటలు, అన్నీ చూస్తే పండగలాగే ఉంటుంది. కానీ అది యుద్ధాల్లో చనిపోయిన సైనికుల కోసం. మధ్యాహ్నం 12 దాకా జెండాని సగం దించి ఉంచుతారు. ‘హ్యాపీ మెమోరియల్ డే’ అనడం తద్దినం నాడు శుభాకాంక్షలు చెప్పినట్టే. మీ పక్క సీటులో ఉన్నవారి అన్నో కొడుకో యుద్ధం నుంచి తిరిగి రాకపోయి ఉండొచ్చు. ‘హ్యావ్ ఎ గుడ్ లాంగ్ వీకెండ్’ అంటే ఎవరికీ నొప్పి ఉండదు. బతికి ఉన్న మాజీ సైనికులకి కృతజ్ఞత చెప్పేది నవంబరు 11న, వెటరన్స్ డేకి. ఈ రెంటినీ కలపొద్దు.

ఆ సోమవారం బ్యాంకులు, పోస్టాఫీసు ఉండవు. బ్యాంకుల మధ్య డబ్బు చాలావరకు కదలదు. జూన్‌లో గుంటూరులో తమ్ముడి కాలేజీ ఫీజు కట్టాలంటే ముందు బుధవారమే పంపేయండి. జూన్ 19కీ ఇదే లెక్క.

వారాంతంలో గ్రిల్ దగ్గరికి పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. హాట్ డాగ్ అంటే మామూలుగా గొడ్డుమాంసమో పందిమాంసమో ఉంటుంది. మార్ష్‌మాలో మిఠాయిలా కనిపిస్తుంది గాని, అందులో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, ఎక్కువగా పందిది. వేసవికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు శాకాహారులైతే ముందే చెప్పి ఉంచండి. మీ వంతుగా మొక్కజొన్న కండెలు పట్టుకెళ్లండి. ఇక్కడిది స్వీట్ కార్న్, మన రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చే ముదురు కండె కాదు. మధ్యస్థంగా ఉన్న వేడి మీద తిప్పుతూ పది నిమిషాలు కాలిస్తే చాలు, మించితే గింజలు ముడుచుకుపోతాయి. ఎనిమిది కండెలకి రెండు నిమ్మకాయలు, రెండు చెంచాల ఉప్పు, ఒక చెంచా గుంటూరు కారం. నిమ్మచెక్కని ఉప్పూకారంలో అద్ది, కండెని గ్రిల్ మీంచి దించాకే రుద్దాలి. నిప్పుల మీద కారం పడిందంటే ఆ ఘాటుకి చుట్టూ ఉన్నవాళ్లంతా దగ్గుకుంటూ లేచిపోతారు.

జూన్ మొదటి శుక్రవారం డోనట్ డే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో సైనికులకి డోనట్లు వేయించి పెట్టిన మహిళల గౌరవార్థం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ 1938లో చికాగోలో మొదలుపెట్టింది. కొన్నిచోట్ల ఊరికే ఇస్తారు, కొన్నిచోట్ల కాఫీ కొంటేనే. గుడ్డు తినరంటే అడిగి తీసుకోండి.

జూన్ 19 జూన్‌టీన్త్. బానిసత్వం రద్దయిందన్న ఉత్తర్వు టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో 1865లో ఆ రోజున చదివారు. బానిసలకి విముక్తి అంటూ అధ్యక్షుడు లింకన్ చేసిన ప్రకటన అమల్లోకి వచ్చిన రెండున్నరేళ్లకి! 2021 నుంచి ఇది ఫెడరల్ సెలవు, అయినా ప్రైవేటు కంపెనీలు అన్నీ ఇవ్వవు. ‘హ్యాపీ జూన్‌టీన్త్’ అనొచ్చు. విందుకి పిలిస్తే మాత్రం పుచ్చకాయ పట్టుకెళ్లకండి. మన ఊళ్లో ఎండాకాలం ఎవరింటికి వెళ్లినా తీసుకెళ్లేదే, కానీ ఇక్కడ నల్లవారిని పుచ్చకాయతో ముడిపెట్టి తరతరాలుగా ఎగతాళి చేశారు. బయటివాళ్లు తెస్తే ఆ గాయం గుర్తొస్తుంది.

ఆ రోజు ఎర్రటి పానీయం ఆనవాయితీ, మందార టీ అందులో ఒకటి. పేరుకి మందారం గాని అది ఎర్ర గోంగూర మొక్కే. కాయని చుట్టుకుని ఉండే ఎర్రటి రక్షక పత్రాల్ని ఎండబెట్టి మెక్సికన్ దుకాణాల్లో ‘హమైకా’ అని అమ్ముతారు. రెండు లీటర్ల నీళ్లు మరిగించి, పొయ్యి ఆపి, ఒక కప్పు ఎండు పత్రాలు, చిన్న అల్లం ముక్క వేసి పావుగంట మూత పెట్టండి. ఎక్కువసేపు ఉడికిస్తే వగరెక్కుతుంది. పులుపు కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు. వడకట్టి ముప్పావు కప్పు పంచదార, ఒక నిమ్మకాయ రసం కలిపి, బాగా చల్లబరిచి తీసుకెళ్లండి. బట్టల మీద ఒలికితే మరక పడుతుంది, మూత బిగుతుగా ఉన్న సీసాలో పోయండి.