తమ్ముడూ, కెమెరా బయటికి తీసే ముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన సినాప్సిస్ చదివాను, టెస్ట్ షూట్ కూడా చూశాను. హైదరాబాద్‌లో బతికే ముగ్గురు గే మగవాళ్ల మీద, తెలుగులో, గంట నిడివి డాక్యుమెంటరీ. చాలా సంతోషమేసింది. నేను ఎడిటింగ్‌లోకి వచ్చిన రోజుల్లో ఇలాంటి సినిమా తీస్తానని ఈ ఊళ్లో ఎవరైనా పైకి అనగా వినలేదు, నేను గే అని నా పక్క సీట్లో కూర్చునే వాడికి చెప్పడానికే ఏళ్లు పట్టింది. అందుకే నీకు రాసేటప్పుడు మొహమాటం పెట్టుకోను, నచ్చనిది నచ్చలేదనే రాస్తాను.

ముందు భాష సంగతి. ఇంగ్లీషులో తీసి ఢిల్లీ, ముంబై ఫెస్టివల్స్‌లో తిరిగే డాక్యుమెంటరీలో మన కుర్రాడు ముఖం చూపించి మాట్లాడినా, కోదాడలో ఉన్న వాళ్ల మేనమామ దాన్ని చూడటం కష్టం, చూసినా సగం అర్థం కాదు. నువ్వు తీసేది ఆ మేనమామకి మొదటి నిమిషంలోనే అర్థమైపోయే సినిమా. అందుకే అది రావాలి అని నేను గట్టిగా కోరుకుంటున్నాను, భయపడుతున్నది కూడా అందుకే. అందులోంచి ఒక చిన్న ముక్క ఎవరో ఫోన్‌లో తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేస్తే చాలు, అమీర్‌పేటలో ఓనరు రూమ్ ఖాళీ చేయమంటాడు, ఊళ్లో చెల్లెలి సంబంధం ఆగిపోతుంది, ఆ రాత్రి వాడి పక్కన నువ్వు ఉండవు. ఈ సినిమాకి కావాల్సిన ధైర్యం నువ్వు పెట్టుకోవాలి, వాళ్ల దగ్గర అడిగి తీసుకోకూడదు. నేను కింద రాసేవన్నీ దీని గురించే.

నీకు అప్పటికి చిన్న వయసు, గుర్తుండదు. 2011లో ఒక తెలుగు న్యూస్ చానెల్ హైదరాబాద్‌లో గే సంస్కృతి పెరిగిపోతోందంటూ ఒక కథనం వేసింది. గే మగవాళ్లు వాడే వెబ్‌సైట్‌లోకి వెళ్లి, వాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, ఆ సంభాషణలు టీవీలో వినిపించింది. తర్వాత న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ ఆ చానెల్‌కి లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమంది. కానీ జరిమానా కట్టేసినంత తేలిగ్గా భయం పోదు కదా. నాకు తెలిసినవాళ్లు ఎంతమందో ఆ వారమే ప్రొఫైల్ ఫొటోలు తీసేశారు, కొందరు నంబర్లు మార్చేశారు. కాబట్టి వయసులో పెద్దవాడెవరైనా నీ కెమెరా చూసి వెనక్కి తగ్గితే వాడికి దమ్ము లేదనుకోకు. ఈ ఊళ్లో కెమెరా ఏం చేయగలదో చూసినవాడు వాడు. ఆ కథనం నీకూ తెలుసని, దాని గురించి ఆలోచించావని మొదటి రోజే చెప్పు, చాలా మాటలు వాటంతటవే మొదలవుతాయి.

ఇక నీ ఓపెనింగ్. మనవాళ్లు రోడ్డెక్కి నడిచే ప్రైడ్ వాక్ జెండాలు, వాటి మీద మన సంబంధాలు నేరం కాదన్న 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు వార్తలు. తీసెయ్. అలా మొదలయ్యే సినిమాలు ఇప్పటికే చాలా ఉన్నాయి, పైగా ఆ నడకలో ఉన్న ప్రతి ముఖానికీ ఒక ఇల్లు ఉంది. రోడ్డు మీద నడిచినంత మాత్రాన క్లోజప్‌కి ఒప్పుకున్నట్టు కాదు. అసలు వాక్ షూట్ చేయాల్సి వస్తే దూరం నుంచి తియ్యి, కాళ్లు, ప్లకార్డులు, వెనక నుంచి భుజాలు తియ్యి, దగ్గరి ముఖం కావాలంటే వెళ్లి అడుగు. తీర్పులు వద్దనడం లేదు. వాటిని మనుషుల జీవితాల్లోకి దించు. మనల్ని నేరస్తుల్ని చేసిన సెక్షన్ 377 పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలకి వర్తించదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పినప్పుడు నీ ముగ్గురిలో పెద్దాయన వయసెంత, 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసినప్పుడు ఎవరికి ఫోన్ చేశాడు, 2018లో ఆఫీసులో కూర్చుని ముఖంలో ఏమీ కనపడకుండా ఎలా పని చేసుకున్నాడు, 2023 అక్టోబరులో పెళ్లి హక్కు ఇవ్వలేమని కోర్టు చెప్పిన సాయంత్రం వాళ్లింట్లో ఏం వండుకున్నారు. ఇవి అడుగు.

అడగడం గురించి ఇంకాస్త చెప్తాను, ఎందుకంటే నీ టెస్ట్ షూట్‌లో మొదటి ప్రశ్నే "నువ్వు గే అని ఎప్పుడు తెలిసింది?" అని ఉంది. ఆ ప్రశ్నకి ప్రతివాడి దగ్గరా తయారుగా ఒక జవాబు ఉంటుంది, పదిసార్లు చెప్పి చెప్పి అరిగిపోయింది. రూమ్ అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉందని అడిగి చూడు. ఒకడికి ఊరి నుంచి అమ్మ వీడియో కాల్ చేస్తే, కలిసి ఉండే రెండోవాడు ఏ గదిలోకి వెళ్తాడని అడుగు. జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరితే ఫారం మీద బంధుత్వం అన్నచోట ఏం రాశారని అడుగు. ఈ ఊళ్లో ఇద్దరు మగవాళ్లు ఒక సింగిల్ బెడ్రూమ్‌లో ఏళ్ల తరబడి ఉన్నా ఎవరూ ఏమీ అనరు, బ్యాచిలర్స్, రూమ్మేట్స్, అంతే. ముప్పై దాటాకే చూపులు మారతాయి. అప్పటిదాకా దొరికిన ఆ నీడలో ఎన్ని కాపురాలు సాగాయో మన సినిమాల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే మన దగ్గర గే పాత్ర అంటే కామెడీ ట్రాక్‌లో చేతులు తిప్పేవాడు. సంక్రాంతికి ఆ ఇద్దరూ కలిసి ఎంజీబీఎస్‌కి వెళ్లి, ఒకడు ఖమ్మం బస్సు, ఇంకొకడు కర్నూలు బస్సు ఎక్కుతారు చూడు, నీ సినిమా అక్కడ ఉంది. వాళ్లు ఒప్పుకుంటే మాత్రమే, వెనక నుంచి, ఫోన్‌తో తియ్యి, పెద్ద కెమెరా పట్టుకెళ్తే జనం గుమిగూడతారు.

వీలైతే రోహన్ పరశురామ్ కానవడే తీసిన మరాఠీ సినిమా 'సాబర్ బోండ' చూడు. ఫిక్షనే, కానీ నీకు పనికొస్తుంది. తండ్రి చనిపోతే పది రోజుల మైల పాటించడానికి ముంబై నుంచి ఊరికి వెళ్లిన కొడుకు కథ. 2025లో అమెరికాలో జరిగే సండాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వరల్డ్ సినిమా డ్రమాటిక్ విభాగంలో గ్రాండ్ జ్యూరీ ప్రైజ్ వచ్చింది. ఆ మైల నియమాలు, చుట్టాల మాటలు, పెళ్లి ఎప్పుడని వేధించడం, అన్నీ మన ఇళ్లలో జరిగేవే, ఎక్కడా లెక్చర్ ఉండదు.

ఇక కన్సెంట్, అంటే వాళ్ల ఒప్పుదల. ఇంగ్లీషు రిలీజ్ ఫారం నెట్ నుంచి దించి సంతకం పెట్టించుకోవడంతో పని అయిపోదు. తెలుగులో రాయి, అవసరమైతే ఉర్దూలో కూడా, చదివి వినిపించు. ఫెస్టివల్, కాలేజీలో ప్రదర్శన, ఓటీటీ, యూట్యూబ్, ట్రైలర్, పోస్టర్, ఒక్కోదానికి విడిగా అవును, కాదు అని రాయించు. ట్రైలర్, పోస్టర్ అన్నిటికంటే ప్రమాదం, సినిమాకి టికెట్ కొనుక్కుని వచ్చేవాడికి ఎంతో కొంత ఆసక్తి ఉంటుంది, పోస్టర్ ఎవరి ఫోన్‌లోకైనా వెళ్తుంది. పిక్చర్ లాక్ అయ్యేదాకా, అంటే ఎడిటింగ్ ఖరారయ్యేదాకా, ఎప్పుడైనా తప్పుకోవచ్చని రాసివ్వు, నిజంగానే తప్పుకుంటే నీ సినిమా సగం పోయినా సరే తీసెయ్యి. ఇంకో మాట, మనిషి తన గురించి ఒప్పుకోగలడు కానీ పక్కవాడి తరఫున ఒప్పుకోలేడు. గోడ మీద అక్క పెళ్లి ఫొటో, బండి నంబర్ ప్లేటు, మెళ్లో కంపెనీ ఐడీ కార్డు, టేబుల్ మీద వెలిగే వాట్సాప్ మెసేజ్, ఇవన్నీ ఫ్రేమ్‌లోకి వస్తాయి. నీ మూడో అతను పెళ్లయినవాడని రాశావు. ఇంట్లో ఒత్తిడికి పెళ్లి చేసుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ల కథ రావాల్సిందే, కానీ ఆ కథలో ఒక భార్య ఉంది, ఆమెకి ఏం తెలుసో ఏం తెలీదో తేలకుండా ఆయన ముఖం గానీ గొంతు గానీ వాడటానికి వీల్లేదు. దీంట్లో బేరం లేదు తమ్ముడూ.

ముఖం దాచాలంటే గళ్లు గళ్లుగా మసకచేసే మొజాయిక్ వెయ్యకు. రాత్రి పదిన్నర క్రైమ్ బులెటిన్‌లో దొంగల్ని అలాగే చూపిస్తారు, మనవాళ్లని కూడా అలా చూపిస్తే మాట ఎంత బాగున్నా చూసేవాడి మనసులో ముద్ర పడిపోతుంది. రష్యాలోని చెచెన్యాలో గే మనుషుల మీద జరిగిన హింస గురించి 2020లో తీసిన 'వెల్‌కమ్ టు చెచెన్యా' డాక్యుమెంటరీలో డేవిడ్ ఫ్రాన్స్ బాధితుల ముఖాల మీద వేరేవాళ్ల ముఖాలు డిజిటల్‌గా అతికించాడు, కళ్లలో భావం పోకుండా. మరుసటి ఏడాది వచ్చిన 'ఫ్లీ' ఒక గే శరణార్థి జీవితాన్ని యానిమేషన్‌లో చెప్పింది. అంత డబ్బు నీ దగ్గర లేదు, పర్వాలేదు, చేతులు, వంటిల్లు, కిటికీ, మెట్రో పట్టాలు ఉన్నాయి. గొంతు మాత్రం పిచ్ మార్చి వదిలెయ్యకు, దాన్ని మళ్లీ వెనక్కి తిప్పొచ్చు. వేరే మనిషితో చెప్పించు, అదీ అదే ప్రాంతం మనిషితో. కరీంనగర్ మాటని విజయవాడ అబ్బాయి చదివితే మొదటి వాక్యంలోనే చచ్చిపోతుంది. యాస మరీ చిన్న ప్రాంతానిదై మనిషిని పట్టించేలా ఉంటే పక్క జిల్లాకి మార్చు, ఆయన్నే అడిగి.

మీ అమ్మగారికి కెమెరా ముందే చెప్తానన్నావు. నిషిత్ సరన్ 1999లో 'సమ్మర్ ఇన్ మై వెయిన్స్'లో తన తల్లికి అలాగే చెప్పాడు, ఆ సినిమా నాకు చాలా ఇష్టం, మన దేశంలో ఈ దారి వేసినవాళ్లలో అతనొకడు. అయినా నువ్వు చెయ్యొద్దు. కెమెరా ఎదురుగా ఉంటే మీ అమ్మ తనకి ఏడవాలనిపించినట్టు ఏడవలేదు, తిట్టాలనిపించినట్టు తిట్టలేదు, ఆ తర్వాత మాట మార్చుకోవాలన్నా ఆమె మొదటి మాటే జనం దగ్గర మిగిలిపోతుంది. ముందు మామూలుగా చెప్పు, మీ అక్కని పక్కన పెట్టుకుని చెప్పు, నెలలు పోనీ. ఒకరోజు ఆమే కూర్చుని మాట్లాడతానంటే అప్పుడు తియ్యి. మాట్లాడనంటే సినిమాలో అమ్మ లేదు, అంతే.

నీ ముగ్గురిలో ఇద్దరు గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ వాళ్లు. వాళ్ల బాధ తక్కువదని కాదు, కానీ ఈ ఊరు అంతే కాదు కదా. పాతబస్తీలో టైలరింగ్ చేసే కోతి (ఆడతనం ఉన్న మగవాళ్లు మనలో తమని తాము పిలుచుకునే పేరు), సికింద్రాబాద్‌లో కేటరింగ్‌కి వెళ్లేవాడు, వీళ్లకి ఇంగ్లీషు రాదు, ప్రైడ్‌కి వస్తే ఆ రోజు కూలి పోతుంది. దక్కనీ ఉర్దూ వినపడని హైదరాబాద్ సినిమా నాకు ఊహకి అందదు. మగవాళ్లు కలుసుకునే పార్కులు, స్టేషన్ పరిసరాలు మాత్రం ఏవో గుర్తుపట్టేలా చూపించకు, సినిమా వచ్చిన మర్నాడే పోలీసులో, బెదిరించి డబ్బు గుంజేవాళ్లో అక్కడ ఉంటారు.

డబ్బు సంగతి ముందే తేల్చుకో. న్యూయార్క్‌లో గే, ట్రాన్స్ మనుషులు వేషాలు, నడకల పోటీలు పెట్టుకునే బాల్‌రూమ్ జీవితాల మీద 1990లో జెన్నీ లివింగ్‌స్టన్ తీసిన 'ప్యారిస్ ఈజ్ బర్నింగ్' బాగా ఆడాక, అందులో కనపడినవాళ్లు మాకేం దక్కిందని అడిగారు, చివరికి దాదాపు 55 వేల డాలర్లు 13 మందికి పంచారు. డాక్యుమెంటరీలో మనుషులకి డబ్బివ్వకూడదని నీకు ఎవరో ఒకరు చెప్తారు. పోయిన కూలి, ఆటో ఖర్చు, భోజనం ఇవ్వడం లంచం కాదు. ప్రైజ్ మనీ వస్తే ఎంత వాటానో ఇప్పుడే కాగితం మీద పెట్టు.

థియేటర్‌లో వెయ్యాలంటే సెన్సార్ సర్టిఫికేట్ కావాలి, ఫెస్టివల్స్‌కి సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ మినహాయింపు ఉంటుంది. సర్టిఫికేట్ నిరాకరిస్తే ఇదివరకు ట్రిబ్యునల్‌కి వెళ్లేవాళ్లం, 2021లో దాన్ని రద్దు చేశారు, ఇప్పుడు నేరుగా హైకోర్టే. శ్రీధర్ రంగయన్ 2003లో తీసిన 'గులాబీ ఆయినా'కి సెన్సార్ బోర్డు సర్టిఫికేట్ ఇవ్వలేదు, సెక్షన్ 377 బాధితుల మీద ఆయనే తీసిన డాక్యుమెంటరీ 'బ్రేకింగ్ ఫ్రీ'కి తర్వాత ఎడిటింగ్‌లో జాతీయ అవార్డు వచ్చింది. కాబట్టి ఒక ఆఫీసు కాదన్నంత మాత్రాన నిరుత్సాహపడకు. ముంబైలో 2010 నుంచి మనవాళ్ల సినిమాల కోసం కషీష్ ఫెస్టివల్ జరుగుతోంది, అక్కడికి పంపు. కానీ మొదటి ప్రదర్శన మాత్రం ఆ ముగ్గురికీ, వాళ్లు పిలుచుకున్నవాళ్లకీ. తర్వాత బంజారాహిల్స్‌లో సినిమాలు, చర్చలు జరిగే లామకాన్‌లో వేద్దువు, అక్కడ ఎవరో తప్పకుండా లేచి సినిమాలో ఉన్నవాళ్లు ఇక్కడున్నారా అని అడుగుతారు, దానికి ఏం చెప్పాలో ముందే ముగ్గురితో మాట్లాడుకో.

హార్డ్‌డిస్క్‌కి పాస్‌వర్డ్ పెట్టు. ఫైళ్ల పేర్లలో అసలు పేర్లు వద్దు, ఫారాలు వేరేచోట దాచు, ఫోన్‌లో లొకేషన్ ఆపి తియ్యి. షూట్ అయిన రోజు రాత్రి ఆ మనిషికి ఒకసారి ఫోన్ చెయ్యి, పాత సంగతులు తవ్వుకున్నాక కొందరికి నిద్ర పట్టదు, మనవాళ్లతో పని చేసిన కౌన్సిలర్ నంబరు ఒకటి నీ దగ్గర ఉంచుకో. రఫ్ కట్ (మొదటి ముడి కూర్పు) అయ్యాక ముందు వాళ్లకి ఒక్కొక్కరికి విడివిడిగా, నీ లాప్‌టాప్‌లో చూపించు. ఆ తర్వాత డిస్కు పట్టుకుని యూసఫ్‌గూడ వచ్చెయ్. నా ఎడిట్ రూమ్ రాత్రిళ్లు ఖాళీగానే ఉంటుంది, ఇద్దరం కూర్చుని కట్ చేద్దాం, నా ఫీజు మాట ఎత్తకు.

నీ అన్న