సెంటు సందేహాలు: నిమ్మ వాసన నిలవదేం?

ప్రశ్న: ఒక చిన్న సంస్థ కొద్ది సీసాలే తయారుచేసే నిష్ పెర్ఫ్యూమ్ కొన్నాను. బెర్గమోట్ (ఒక నిమ్మజాతి పండు), నిమ్మ, నెరోలి వాసన. చాలా ఖరీదు. కొట్టుకున్న గంటకే మాయమవుతోంది. నకిలీదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అంతమాత్రాన నకిలీ అనలేం. నిమ్మజాతి తొక్కల నూనెల్లో ప్రధానంగా ఉండేది లిమొనీన్. తేలికైన పదార్థం, ఒంటి వేడికి ఇట్టే ఎగిరిపోతుంది. ఇటలీలోని కలాబ్రియా నుంచి వచ్చిన మేలురకం బెర్గమోట్ అయినా గంట దాటి నిలవడం కష్టం. చేదు నారింజ పూల నుంచి తీసే నెరోలి, అదే చెట్టు ఆకులూ లేత కొమ్మల నుంచి తీసే పెటిట్‌గ్రెయిన్ ఆ తాజాదనాన్ని ఇంకొంచెం సాగదీస్తాయి. ఆపైన మిగిలేది వట్టివేరు, మస్క్ (కస్తూరి వాసన), ఆంబ్రాక్సన్ (అంబరు వాసననిచ్చే పదార్థం) లాంటి బరువైన సరుకే.

‘ఓ డి పర్ఫ్యూమ్ (గాఢత ఎక్కువున్న రకం) కదా, ఎక్కువసేపు ఉండాలి’ అనుకుంటారు. గాఢత పెరిగితే ప్రధానంగా నిలిచేది ఆ అడుగు వాసన, పైనున్న నిమ్మ కాదు. అందుకే కొనేముందు కాగితం పట్టీ మీద కొట్టి పావుగంటకు, గంటకు, నాలుగు గంటలకు చూడండి. నాలుగో గంట వాసన నచ్చకపోతే ఎంత గొప్ప సీసా అయినా వదిలేయండి. మస్క్‌కు ముక్కు తొందరగా అలవాటు పడుతుంది, పక్కవాళ్లనూ అడగండి.

ఇప్పటికే కొన్నారు కాబట్టి: వాసన లేని లోషన్ రాసిన చర్మం మీద కొట్టుకోండి, రుద్దకండి. నూలు బట్ట మీద ఇంకాస్త నిలుస్తుంది. పట్టు మీద మాత్రం వద్దు, మరక పడుతుంది. 10 మిల్లీలీటర్ల చిన్న స్ప్రేలో పోసి సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం మళ్లీ కొట్టుకోవడం అన్నిటికంటే తేలిక. పాతకాలపు కొలోన్‌లు అలా మళ్లీమళ్లీ చల్లుకోవడానికే పుట్టాయి.

ప్రశ్న: బెర్గమోట్ నూనెతో ఇంట్లోనే సెంటు కలిపాను. మెడ మీద కారినట్టు నల్లటి చార పడింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తొక్క పిండి తీసిన బెర్గమోట్ నూనెలో బెర్గాప్టెన్ ఉంటుంది. అది చర్మం మీదుండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, తర్వాత నల్లమచ్చ అవుతుంది. పోవడానికి నెలలు పట్టొచ్చు. ఒంటి మీద ఉండిపోయే వాటిలో ఈ నూనె 0.4 శాతం మించకూడదని అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంఘం పరిమితి. అంటే 10 మిల్లీలీటర్లకు సుమారు ఒక్క చుక్క! ఇంట్లో కలిపేవాళ్లు పది, పదిహేను చుక్కలు వేసేస్తారు, చిక్కంతా అక్కడే. బెర్గాప్టెన్ తీసేసిన నూనె దొరుకుతుంది, అదే కొనండి. కాగజీ నిమ్మ నూనె అయితే ఆవిరిపట్టి తీసినది తీసుకోండి, దానిలో ఈ బెడద లేదు. మచ్చను నిమ్మరసంతో తోమకండి, ఇంకా ముదురుతుంది. బొబ్బలొస్తే చర్మ వైద్యులకు చూపించండి.

ప్రశ్న: కారులో మరిచిన సీసా టర్పెంటైన్ కంపు కొడుతోంది. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దు. వేడికీ గాలికీ లిమొనీన్ ఆక్సీకరణం చెందింది, అలా మారినది చర్మానికి అలర్జీ తెస్తుంది. రంగు మాత్రమే ముదిరి వాసన బాగుంటే పరవాలేదు. కొత్త సీసాను చీకటి అల్మరాలో పెట్టండి, స్నానాలగదిలో కాదు. సగం అయ్యాక చిన్న సీసాలోకి మార్చి నిండుగా ఉంచండి.