లేక్ లేనియర్‌లో ఈత రానివారు కయాక్ వేయవచ్చా?

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌కు కొత్తగా వచ్చామని, గాలి నింపుకునే ఇద్దరి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) ఒకటి కొన్నామని, దంపతులిద్దరికీ ఈత అంతంతమాత్రమేనని, ఎనిమిదేళ్ల పాప ఉందని, వేసవికి మీ అత్తమామలు వస్తున్నారని రాశారు. లేక్ లేనియర్ మీద ప్రచారంలో ఉన్న దయ్యాల కథలు విని మీ అత్తగారు ఆ నీళ్ల జోలికే వెళ్లవద్దంటున్నారని కూడా రాశారు. ఈ జలాశయానికి దగ్గర్లోనే ఉంటూ కొన్నేళ్లుగా ఇందులో తెడ్డు వేస్తున్నవాడిగా నా జవాబు: నిస్సంకోచంగా వెళ్లవచ్చు. అయితే ఏ రోజు, ఏ వేళ, ఏ పాయలోకి వెళుతున్నారన్నది మీ పడవ ఖరీదు కన్నా, మీ భుజబలం కన్నా ముఖ్యం. ఇక్కడ కయాక్ వేసేవారిని ఇబ్బంది పెట్టేది నీటి లోతు కాదు, పక్కనుంచి దూసుకుపోయే మోటారు పడవలు లేపే అలలు.

నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కిన అనుభవం తప్ప మరొకటి లేదన్నారు కాబట్టి తేడా చెబుతాను. అక్కడ టికెట్ కొని కూర్చుంటే నీటి సంగతి లాంచీ నడిపేవారే చూసుకుంటారు, చుట్టుపక్కల మరో పడవ కనిపించడం కూడా తక్కువే. లేనియర్ అలా కాదు. చట్టహూచీ, చెస్టాటీ నదుల నీటిని నిలపడానికి అమెరికా సైన్యంలోని ఇంజినీర్ల విభాగం ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ 1950లలో బ్యూఫోర్డ్ ఆనకట్ట కట్టగా ఏర్పడిన ఈ జలాశయం దాదాపు 38,000 ఎకరాలు, దాని ఒడ్డు పొడవు సుమారు 690 మైళ్లు. ఆ ఒడ్డు పొడవునా ఎన్నో సొంత రేవులు, మెరీనాలు (పడవలు నిలిపే, అద్దెకిచ్చే కేంద్రాలు). శని, ఆదివారాల్లో, అందులోనూ మే నెలాఖరు మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే వరకు, ప్రధాన జలమార్గం పండగ ముందు రోజు బస్టాండులా ఉంటుంది. అమెరికా స్వాతంత్ర్య దినం జులై 4 వారాంతంలో నేనైతే తెడ్డు బయటికే తీయను.

అందుచేత మొదటి నియమం వేళ. పనిరోజు ఉదయం తెల్లవారగానే దిగి పది గంటలలోపు ఒడ్డుకు చేరేలా చూసుకోండి. ఆ సమయంలో నీరు కదలకుండా ఉంటుంది, గాలి ఇంకా లేవదు, మోటారు పడవల్లో చాలా వరకు చేపలు పట్టేవారివే కాబట్టి ఒక మూల చేరి నిదానంగా ఉంటాయి. మధ్యాహ్నం దాటాక జార్జియా వేసవిలో ఉరుములతో వానలు కమ్ముకోవడం మామూలు విషయం. ఆకాశం నెత్తిమీద నీలంగానే ఉన్నా సరే, ఎక్కడో దూరంగా ఒక్క ఉరుము వినిపించిందంటే ఇంకొంచెం చూద్దామనుకోకుండా దగ్గరి ఒడ్డుకు చేరి దిగిపోవాలి, ఎందుకంటే విశాలమైన నీటి మీద అందరికన్నా ఎత్తుగా ఉండేది మీ తల, తడిసిన మీ తెడ్డు మాత్రమే.

ఇక అలల సంగతి. లంగరు వేసిన లేదా ఆగి తేలుతున్న పడవలకు, ఈతగాళ్లకు, రేవులకు 100 అడుగుల లోపు మోటారు పడవ నెమ్మదిగా, అల లేవకుండా వెళ్లాలని జార్జియా చట్టం చెబుతోంది. 101వ అడుగు నుంచి వేగం పెంచితే మాత్రం చట్టం అడ్డుకోదు, ఆ దూరం నుంచి కూడా బరువైన పడవ అల మీదాకా వస్తుంది. అప్పుడు పక్కకు తిరిగి పారిపోవాలని చూడకూడదు. కయాక్ ముక్కును అల వచ్చే వైపుకు తిప్పి, నిలువుగా గానీ కొంచెం ఏటవాలుగా గానీ దాన్ని ఎదుర్కొని, తెడ్డును నీళ్లలోంచి పైకెత్తకుండా వేస్తూనే ఉండాలి. తెడ్డు నీటిలో ఉన్నంతసేపూ మీకు ఆసరా ఉన్నట్టే. అల పక్కనుంచి తగిలిందంటే గాలి కయాక్ కూడా బోల్తా పడవచ్చు. ఒకటి దాటగానే ఊపిరి పీల్చుకోవద్దు. కాంక్రీటు గోడ, రాతి కట్ట ఉన్న చోట అదే అల తిరిగి కొట్టుకొని వెనకనుంచి వస్తుంది. ఈ కారణంగానే ఒడ్డుకు ఆనుకొని వెళితే క్షేమమన్న మాట ఇక్కడ అన్నిచోట్లా పనికిరాదు, మట్టి ఒడ్డు ఉన్న ఇరుకు పాయలే మేలు. అల లేపరాదని తెల్లని బోయాలు (నీటి మీద తేలే గుర్తులు) పెట్టిన పాయ దొరికితే మీ మొదటి కొన్ని విహారాలు అందులోనే కానివ్వండి.

గాలి నింపే కయాక్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఉదయం చల్లని వేళ ఒడ్డున పంపుతో బిగువుగా కొట్టిన గాలి, పడవను నీళ్లలో పెట్టిన పది నిమిషాలకు నీటి చల్లదనానికి కుదించుకొని కొంత మెత్తబడుతుంది. చిల్లు పడిందని కంగారు పడనక్కరలేదు. పంపు వెంట ఉంచుకొని, ఒడ్డు దగ్గరే కాసేపు ఆగి, వాల్వు మూత తీసి మరికొంత కొట్టి బయలుదేరితే సరిపోతుంది. దీనికి ఎదురు పరిస్థితి అసలైన ప్రమాదం. తిరిగి వచ్చాక నిండుగా ఉన్న పడవను ఎండలో ఇసుక మీద వదిలి మీరు ఇడ్లీలు తింటూ కూర్చుంటే, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి అతుకులను తెరుస్తుంది. పడవ ఒడ్డు ఎక్కగానే పడవలోని ప్రతి గాలి గదిలోంచీ కొంత గాలి వదిలి, నీడలోకి లాగండి. పక్క గొట్టాలకు, అడుగు భాగానికి వేర్వేరు పీడనాలు ఉంటాయి, అవి వాల్వు దగ్గరే ముద్రించి ఉంటాయి. చేత్తో నొక్కి చూసి అంచనా వేయడం కన్నా గేజి ఉన్న పంపు కొనడం ఉత్తమం.

లైఫ్ జాకెట్ విషయంలో చట్టం ఒకటి, నా పట్టుదల ఒకటి. పడవలో ఎంతమంది ఉంటే అన్ని జాకెట్లు ఉండాలని, 13 ఏళ్లలోపు పిల్లలు కదిలే పడవలో వాటిని తొడుక్కునే ఉండాలని చట్టం. పెద్దలు సీటు కింద దాచుకున్నా చట్టానికి అభ్యంతరం లేదు, నాకు ఉంది. బోల్తా పడ్డాక నీళ్లలో జాకెట్ తొడుక్కోవడం ఈత వచ్చినవారికే గగనం. పాపకు జాకెట్ కొనేటప్పుడు వయసు చూడవద్దు, బరువు చూడండి: పిల్లల జాకెట్లు 30 పౌండ్ల లోపు, 30 నుంచి 50, 50 నుంచి 90 పౌండ్లు అని ఉంటాయి. బకిల్స్ అన్నీ బిగించి, భుజాల పట్టీలు రెండూ పట్టుకొని పైకి లాగండి, జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది నీళ్లలో ఆమెను వదిలేసి తాను మాత్రమే తేలుతుంది. ‘వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందిలే’ అని ఒక సైజు పెద్దది కొనే మన అలవాటు యూనిఫారాలకు సరే, దీనికి కూడదు. చేతులకు తొడిగే గాలి బుడగలు, స్విమ్మింగ్ పూల్ ట్యూబులు జాకెట్‌కు బదులు కావు.

మొదటి రోజు అసలు ఎక్కడికీ వెళ్లకండి. నడుము లోతు నీళ్లలో, జాకెట్ వేసుకొని, కావాలనే కయాక్‌లోంచి పడి మళ్లీ ఎక్కడం సాధన చేయండి. చేతులతో వేలాడుతూ పైకి లాక్కోవాలని చూస్తే కాళ్లు పడవ కిందికి పోయి అది మీ మీదికే తిరగబడుతుంది. పక్కన చేరి, కాళ్లను వెనక్కి చాచి నీటి మట్టానికి తెచ్చి, గట్టిగా కొట్టుకుంటూ ముందు పొట్టను పడవ మీదికి అడ్డంగా తీసుకురావాలి, ఆ తరువాతే తిరిగి కూర్చోవాలి. ఇద్దరు ఉంటే రెండోవారు ఎదుటి వైపు పట్టుకొని బరువు వేయాలి. ఇక్కడి ఒడ్డు జారుడు ఎర్రమట్టి అని, నాలుగడుగులు వేశాక నేల ఒక్కసారిగా దిగిపోయే చోట్లు చాలా ఉన్నాయని గుర్తుంచుకొని, పాపను ఒడ్డునే ఆడుకుంటోంది కదా అని జాకెట్ లేకుండా వదలవద్దు. వేసవి నిండు మట్టం సముద్ర మట్టానికి 1,071 అడుగులు. కరువులో ఇది బాగా పడిపోతుంది, 2007 డిసెంబరులో సుమారు 20 అడుగులు తగ్గింది. మట్టం తగ్గిన కొద్దీ నిరుడు లేని మిట్టలు, మొద్దులు పైకి తేలుతాయి కాబట్టి, బయలుదేరే ముందు ఆనాటి మట్టం చూసుకోవడం మంచిది.

మీ అత్తగారి భయం గురించి ఒక మాట. నీటి అడుగున పట్టణం ఉందని, అక్కడి ఆత్మలు కాళ్లు పట్టి లాగుతాయని చెప్పేవన్నీ కట్టుకథలే. కానీ వాటి వెనక ఉన్న చరిత్ర కల్పన కాదు. 1912లో ఫోర్సిత్ కౌంటీ నుంచి నల్లజాతి కుటుంబాలను తెల్లవారు మూకలుగా బెదిరించి వెళ్లగొట్టారు, వారు నివసించిన ఆస్కర్‌విల్ ప్రాంతంలో కొంత తరువాత జలాశయం కింద మునిగింది. దయ్యాల వీడియోలు చేసేవారు చెప్పాల్సింది ఆ సంగతి. లోతు నీళ్లలో కొట్టేయకుండా వదిలిన చెట్లు, వాటికి చిక్కుకున్న గాలపు తీగలు ఈతగాళ్లకు, డైవింగ్ చేసేవారికి సమస్యే గానీ, పైన తేలుతూ పోయే కయాక్‌కు కాదు.

మీ అత్తమామలను కయాక్ ఎక్కించే ప్రయత్నం మానుకొని, మెరీనాలో పాంటూన్ పడవ (చదునైన వెడల్పాటి మోటారు పడవ) కొన్ని గంటలకు అద్దెకు తీసుకోండి. పైన నీడ, చుట్టూ కటకటాలు, కూర్చోవడానికి సోఫాలు ఉంటాయి. నడిపేవారు 1998 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారైతే జార్జియాలో బోటింగ్ శిక్షణ పూర్తి చేసి ఉండాలన్న నియమం ముందే చూసుకోండి. పడవ మీద అతికించిన పలక ఎంతమందికి అనుమతి ఉందో చెబుతుంది, చంటిబిడ్డ కూడా ఆ లెక్కలో ఒక మనిషే కాబట్టి ‘ఇంకొకరం సర్దుకుందాం’ అనడానికి వీల్లేదు. ఇంజిను ఆగేవరకు ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. ఇంజిను నడుస్తుండగా వెనక మెట్ల మీద కూర్చోనివ్వకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. చీర కుచ్చిళ్లు, చున్నీ కొసలు కటకటాల బయటికి వేలాడకుండా చూసుకోమని కూడా చెప్పండి.

మీ మొదటి విహారానికి నేను సూచించేది గెయిన్స్‌విల్ దగ్గర క్లార్క్స్ బ్రిడ్జి ప్రాంతం. 1996 ఒలింపిక్స్‌లో రోయింగ్, కయాక్ పోటీలు జరిగినది అక్కడే. దానికి ఎగువన జలాశయం సన్నబడి దాదాపు నదిలా ఉంటుంది. ఇంకా ఉత్తరాన డాన్ కార్టర్ స్టేట్ పార్కు ఉంది. ఆనకట్ట దగ్గరి విశాలమైన దక్షిణ భాగాన్ని కనీసం మొదటి వేసవి వదిలేయండి. అలాగే ‘నది ప్రశాంతంగా ఉంది కదా’ అని ఆనకట్ట దిగువన చట్టహూచీలో దిగవద్దు. జలాశయం అడుగు నుంచి వదిలే ఆ నీరు నడివేసవిలోనూ ఒళ్లు కొరికేంత చల్లగా ఉంటుంది, విద్యుదుత్పత్తికి నీరు వదిలినప్పుడు నిమిషాల్లో మట్టం లేస్తుంది. హారన్ మోగితే అప్పటికప్పుడు ఒడ్డెక్కాలి, ఆనకట్ట నుంచి హైవే 20 వంతెన దాకా పెద్దలకు కూడా లైఫ్ జాకెట్ తప్పనిసరి.