గోల్ఫ్ బంతి ఎవరికైనా తగిలితే మీ పాలసీ ఎందుకు పనికిరాదంటే

గోల్ఫ్ ఆడేటప్పుడు మీ బంతి ఎవరికైనా తగిలితే మీ పాలసీ డబ్బులిస్తుందా, లేక వేరే బీమా తీసుకోవాలా అని అడిగారు. మీ దగ్గరున్నది పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. మహబూబ్‌నగర్ ఏజెంట్ ‘ఇందులో రాదు’ అన్నది అందుకే, అతని మాట కరెక్టే. దెబ్బ మీకు తగిలితే అది డబ్బులిస్తుంది. మీ బంతి పక్కాయన కంటికో, రోడ్డు మీద కారు అద్దానికో తగిలితే ఇవ్వదు. దానికి థర్డ్ పార్టీ లయబిలిటీ కవర్ కావాలి, అంటే మీ వల్ల వేరేవాళ్లకు జరిగిన నష్టానికి కంపెనీ పరిహారం కట్టే బీమా.

ఆ కవర్ తప్పనిసరా అని కూడా అడిగారు. బండికి ఉన్నట్టు గోల్ఫ్‌కు అలాంటి చట్టం లేదు. కానీ నిర్లక్ష్యం రుజువైతే పరిహారం మీ జేబులోంచే. జడ్చర్ల నుంచి ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి ఆడుతున్నారు కాబట్టి తీసుకోమనే అంటాను. అద్దం పోతే సరే, కన్ను పోతే పొలం అమ్మాలి.

1. ‘గోల్ఫర్స్ ఇన్సూరెన్స్’ అని పేరు పెట్టి అడగండి. కిట్ పోవడం, హోల్ ఇన్ వన్ (ఒక్క దెబ్బకే బంతి గుంతలో పడడం) పార్టీ ఖర్చు కూడా కలిపి అమ్ముతుంటారు. వాటికి మురిసిపోకండి, లయబిలిటీ పరిమితి, అంటే వేరేవాళ్ల నష్టానికి కంపెనీ గరిష్ఠంగా ఎంత కడుతుందో చూడండి.

2. ఊళ్లో ఖాళీ చేలో ప్రాక్టీస్ చేస్తే వర్తిస్తుందా? అదీ అడగండి.

3. అందరూ మరిచేది ఇది. బంతి తగలగానే ‘తప్పు నాదే, ఖర్చంతా నేనిస్తా’ అని వాట్సాప్‌లో పెట్టకండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు కట్టకూడదు అనే షరతు లయబిలిటీ పాలసీల్లో మామూలే. ఆ మెసేజ్ వల్లే క్లెయిమ్ ఆగిపోవచ్చు. దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లండి, అది ఒప్పుకోవడం కిందికి రాదు. ఫోటోలు తీయండి, చూసినవాళ్ల నంబర్లు రాసుకోండి, అదే రోజు కంపెనీకి తెలపండి.