అంబులెన్స్‌లో స్కానింగ్ చేయాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. ఫోన్‌కు తగిలించే చిన్న స్కానింగ్ మెషీన్‌తో అంబులెన్స్‌లోనే క్షతగాత్రులను పరీక్షించే వీడియో చూసి, తానూ అదే పని చేస్తానంటోంది. పారామెడికల్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: తొందరపడకండమ్మా. ఆ వీడియో బహుశా విదేశాలది. అక్కడ కొన్నిచోట్ల పారామెడిక్‌లే, అంటే అంబులెన్స్ సిబ్బందే, అల్ట్రాసౌండ్ ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కానింగ్ పరికరం) పట్టుకుంటారు. ఫ్రాన్స్, జర్మనీల్లో అవసరమైతే డాక్టరే ఘటనా స్థలానికి వస్తారు. మన దగ్గర 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ఉంది. లింగ నిర్ధారణను ఆపడానికి తెచ్చినదే అయినా, దాని కింద ప్రతి అల్ట్రాసౌండ్ మెషీన్‌కూ లెక్క ఉండాలి, అర్హత ఉన్న డాక్టరే వాడాలి. పోర్టబుల్ మెషీన్ల విషయంలో 2012లో నిబంధనలు ఇంకా బిగించారు. టెక్నీషియన్ జేబులో వేసుకుని తిరిగే వీల్లేదు.

ఇంతకీ ఆ స్కాన్‌లో ఏం చూస్తారు? దాన్ని ఈఫాస్ట్ అంటారు. కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య, ప్లీహం దగ్గర, పొత్తికడుపులో, గుండె చుట్టూ రక్తం చేరిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా అని చూస్తారు. కాజ టోల్‌గేట్ దగ్గర యాక్సిడెంటై, కడుపులో రక్తం కనిపించిందనుకోండి. దాన్ని అంబులెన్స్‌లో ఆపలేరు. ముందే ఫోన్ చేస్తే ఆస్పత్రిలో రక్తం, సర్జన్, ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంటాయి. అదీ లాభం. స్కాన్ కోసం బండి ఆపి కూర్చుంటే ఆ లాభమూ పోతుంది. పైగా ఏమీ కనిపించనంత మాత్రాన లోపల దెబ్బ లేదని కాదు. రీల్స్‌లో ఇవేవీ చెప్పరు లెండి.

అమ్మాయిని ఒకటే అడగండి: నచ్చింది మెషీనా, అంబులెన్స్ పనా? స్కానింగ్ తానే చేయాలంటే నీట్, ఎంబీబీఎస్, ఆపైన ఎమర్జెన్సీ మెడిసిన్‌లో మూడేళ్ల ఎండీ. దారి పొడవే, కానీ అత్యవసర విభాగంలో అల్ట్రాసౌండ్ రోజూ చేతిలో ఉంటుంది. అంబులెన్స్ పనే ఇష్టమైతే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో బీఎస్సీ మంచిదే. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైనప్పటి నుంచీ ఈ పనికి గుర్తింపు వచ్చింది. పైకి కనిపించే రక్తస్రావం ఆపడం, శ్వాస అందించడం, సీపీఆర్ వీళ్ల చేతుల మీదే జరుగుతాయి. నైట్ డ్యూటీలు తప్పవు, మొదట్లో జీతమూ అంతంతమాత్రం. చేర్చేముందు కాలేజీకి విజయవాడ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం ఉందో లేదో చూడండి.

నెల రోజుల్లో అంబులెన్స్ అల్ట్రాసౌండ్ సర్టిఫికెట్ ఇస్తామని ఎవరైనా అంటే మాత్రం రూపాయి కట్టకండి.