సాయంత్రం బాగున్న చేప తెల్లారేసరికి చనిపోతోంది

ప్రశ్న: మా ఇంట్లో 100 లీటర్ల గాజు తొట్టి పెట్టుకున్నాం. అడుగున ఆక్వాసాయిల్ (మొక్కల కోసం అమ్మే పోషకాల మట్టి) పోసి, మొక్కలు ఒత్తుగా నాటాం. సిలిండరుతో కార్బన్ డై ఆక్సైడ్ కూడా ఇస్తున్నాం. నీళ్లు నింపిన పదో రోజున 20 నియాన్ టెట్రాలు, 6 కోరీడోరాస్ చేపలు, 5 చిన్న రొయ్యలు ఒకేసారి వదిలాం. నాలుగు రోజుల్లో 9 టెట్రాలు పోయాయి. సాయంత్రం మేత బాగానే తింటాయి, పొద్దున చూస్తే రెండో మూడో చచ్చి ఉంటాయి. ఒంటి మీద మచ్చలు, పుండ్లు లేవు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. సాయంత్రం పీహెచ్ (నీటి ఆమ్లత కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం) 6.4 ఉంది. కోరీలకు, రొయ్యలకు ఏమీ కాలేదు. నిన్న మిథిలీన్ బ్లూ వేశాం. మందు మార్చాలా?

సమాధానం: మందు మార్చడం కాదు, ముందు మందు ఆపండి. మీరు రాసినదాంట్లో రోగం లక్షణం ఒక్కటీ లేదు. అన్నిటికంటే పనికొచ్చే ముక్క చేపలు పోతున్న వేళ. రోగమైతే వేళ చూసుకుని చంపదు. చేపల చెరువు చేసేవాళ్లను అడగండి, తెల్లవారుజామున గట్టు మీదికి ఎందుకు వెళ్తారో చెబుతారు. నీటిలో ఆక్సిజన్ అడుగంటేది ఆ వేళకే. మీ తొట్టి కూడా ఒక చిన్న చెరువే, దానికి తోడు మీరు పైనుంచి గ్యాస్ ఇస్తున్నారు.

వెలుతురు ఉన్నంతసేపు మొక్కలు ఆ గ్యాస్ తీసుకుని ఆక్సిజన్ వదులుతాయి. లైటు ఆరిపోగానే చేపల్లాగే అవి కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. రాత్రి గ్యాస్ కట్టేస్తున్నారో లేదో మీరు రాయలేదు. కట్టడం లేదనే అనుకుంటున్నాను. మొక్కలు బుడగలు వదులుతున్నాయన్న సరదాలో చాలామంది గ్యాస్ రోజుకింత పెంచుకుంటూ పోతారు, రాత్రి సంగతి మర్చిపోతారు. నీటిలో కార్బన్ డై ఆక్సైడ్ మరీ ఎక్కువైతే చేప ఒంట్లోని ఆ గ్యాస్ మొప్పల గుండా బయటికి సరిగా పోలేకపోతుంది. రక్తం ఆమ్లంగా మారి ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుంది. కోరీలు పైకొచ్చి గాలి మింగి, పేగు గోడల ద్వారా కొంత ఆక్సిజన్ తీసుకోగలవు. టెట్రాలకు ఆ వీలు లేదు. పోయినవన్నీ టెట్రాలే కావడానికి ఇదొక కారణం కావచ్చు. నియాన్లు మామూలుగానే కొత్త తొట్టిలో సుకుమారంగా ఉంటాయనుకోండి. ఇక రొయ్యలు బతికి ఉండటం మంచి గుర్తు. రాగి అంశం గానీ, మొక్కలతో వచ్చిన పురుగుమందు గానీ ఉంటే మొదట పోయేవి అవే.

ఈ రాత్రి లైటు ఆర్పడానికి గంట ముందే గ్యాస్ కట్టేయండి. ఎయిర్ పంపు రాత్రంతా నడపండి. అది లేకపోతే ఫిల్టరు నీళ్లు పైన పడి అలలు లేచేలా గొట్టం ఎత్తండి. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి వేసి చూడండి. టెట్రాలు నీటి పైభాగాన చేరి, నోళ్లు తెరుస్తూ, మొప్పలు గబగబా ఆడిస్తుంటే గాలి ఇంకా పెంచండి. అరగంటలో కిందికి దిగి మామూలుగా తిరిగితే దొంగ దొరికినట్టే. అమ్మోనియా (చేపల విసర్జనలు, కుళ్లినవాటి నుంచి నీటిలో చేరే విషం) దెబ్బ తిన్న చేప గాలి పెంచినంత మాత్రాన అంత తొందరగా తేరుకోదు. తర్వాత గ్యాస్ మళ్లీ ఇచ్చేటప్పుడు డ్రాప్ చెకర్ పెట్టుకోండి, నీటిలో కార్బన్ డై ఆక్సైడ్ ఎంతుందో రంగుతో చూపే చిన్న గాజు బుడ్డి అది. ఆకుపచ్చ రంగు అంటే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, పసుపు అంటే మితిమీరింది. అది గంటా రెండు గంటలు ఆలస్యంగా చూపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు అమ్మోనియా సంగతి. అద్దంలాంటి నీళ్లు చూసి మోసపోకండి, అమ్మోనియాకు రంగు ఉండదు. కొత్త ఆక్వాసాయిల్ మొదటి కొన్ని వారాలు తానే అమ్మోనియా వదులుతుంది. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరు పదో రోజునే 26 చేపలు వదిలారు. అయినా అమ్మోనియాను రెండో ముద్దాయిగానే ఎందుకు నిలబెడుతున్నానంటే, కారణం మీ పీహెచ్. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 6.4లో మొత్తం అమ్మోనియాలో విషంగా ఉండేది వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ. అదే పీహెచ్ 8లో నూటికి 5 వంతులు దాటుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. గ్యాస్ కట్టి గాలి పెంచితే పీహెచ్ పైకి లేస్తుంది, ఇన్నాళ్లూ పెద్దగా హాని చేయని అమ్మోనియా అప్పుడు విషమవుతుంది. అందుకే గ్యాస్ కట్టే రోజే 30 లీటర్ల నీళ్లు మార్చండి, ఆ తర్వాత మూడు రోజులు రోజూ అంతే మార్చండి. ఒక్కసారే మూడొంతులు మార్చేస్తే పీహెచ్, వేడి హఠాత్తుగా మారి ఉన్నవి కూడా పోతాయి. కొత్త నీళ్ల వేడి తొట్టి నీళ్లకు దగ్గరగా ఉండాలి, క్లోరిన్ విరిచే మందు తప్పకుండా కలపాలి. బకెట్‌లో ఒక రోజు ఉంచితే చాలంటారు, కానీ క్లోరమైన్ (క్లోరిన్‌లా తొందరగా గాలిలో కలిసిపోని క్రిమిసంహారక మందు) కలిపిన కుళాయి నీళ్లకు అది పనిచేయదు.

మిథిలీన్ బ్లూ ఫిల్టరు బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది, మొక్కలకూ మంచిది కాదు. ఆ మందును లాగేయడానికి ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ (మందును పీల్చుకునే బొగ్గు) రెండు మూడు రోజులు ఉంచి తీసేయండి. స్పాంజిని కుళాయి కింద కడగకండి, తొట్టి నీళ్లలోనే పిండండి. రెండు రోజులు మేత వద్దు. చేపల్ని రోజూ లెక్కపెట్టండి. మొక్కల చాటున కుళ్లే ఒక్క చేప చాలు, అమ్మోనియా మళ్లీ పెరగడానికి.

అమ్మోనియా, నైట్రైట్ కిట్లు కొని రోజూ చూడండి. రెండో వారం తర్వాత నైట్రైట్ పెరగొచ్చు. అప్పుడు మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి, ఎంత గాలి ఇచ్చినా చేప రొప్పుతూనే ఉంటుంది. నీళ్లు మార్చి, 100 లీటర్లకు 10 గ్రాముల ఉప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల ద్వారా నైట్రైట్ లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. ఆ మోతాదు మొక్కలకు పెద్దగా హాని చేయదు. రెండు కొలతలూ వరుసగా వారం రోజులు సున్నా చూపించేదాకా కొత్త చేపలు తేవద్దు. ఆ తర్వాత కూడా ఐదారు చొప్పునే.

మూడు రాత్రులు ఇలా చేసినా చావులు ఆగకపోతే చేపల ఒళ్లు జాగ్రత్తగా చూడండి. నియాన్ల ఎర్ర చార వెలిసిపోవడం, కండ తెల్లబారడం, వెన్ను వంకరపోవడం కనిపిస్తే వాటిని వెంటనే వేరు చేయండి. నియాన్ టెట్రా వ్యాధి అయితే నమ్మదగిన మందు లేదు. అలాంటివేమీ లేకుండానే పోతుంటే అమ్మోనియా, నైట్రైట్, పొద్దుటి పీహెచ్, సాయంత్రం పీహెచ్, గ్యాస్ ఎన్ని గంటలకు తిప్పి ఎన్ని గంటలకు కడుతున్నారో మళ్లీ రాయండి. ఈసారి టెట్రాలు ఎన్ని మిగిలాయో కూడా.